మెట్ల మలుపులో చిలగడదుంపలు

ఆ శనివారం పొద్దున అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ గ్లాసు పొట్ట మీద ఆనించుకుని, కిటికీలోంచి ఎదుటి గోడని చూస్తూ, సాయంత్రానికి చిలగడదుంప చిప్సు తినాలని ప్రకటించింది. అక్కకి ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే ఆ పాపం ఊరికే పోదని ఫోనులో అమ్మ రోజూ హెచ్చరిస్తూనే ఉంది. ఆ హెచ్చరిక వినవలసింది బావ. కానీ బావ ఎప్పుడూ మాట్లాడే పనిలో ఉంటాడు గనక, వినే పని చెల్లెలి నెత్తిన పడింది.

అక్కకి సాయంగా ఉండమని, ఇంటర్ పరీక్షలు అవగానే అమ్మ ఆ పిల్లని విమానం ఎక్కించింది. పల్లెటూరి బడిలో హాజరు పలకడానికే చెమటలు పట్టే పిల్ల. కొత్త దేశం, కొత్త భాష, ఇక నోరు పూర్తిగా మూతపడింది. బెల్లం కొట్టిన రాయిలా ఉలకదు పలకదని బావ ఆమెకి బెల్లంరాయి అని పేరు పెట్టాడు. పేరు పెట్టినప్పుడు కూడా ఆ పిల్ల ఏమీ అనలేదు కాబట్టి అదే ఖాయమైపోయింది.

ఆ దేశంలో చిలగడదుంప దొరకదని కాదు. దొరికేది వేరే జాతి. లోపల నారింజరంగులో ఉంటుంది, ఉడికిస్తే జావ అవుతుంది, నూనెలో వేస్తే తడిసిన అట్టముక్కలా వేలాడుతుంది. బెల్లంరాయి ఒకసారి వేయించి పెడితే అక్క ఒక్క ముక్క నోట్లో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కావలసింది ఎర్రతోలు దుంప, లోపల తెల్లగా ఉండి, కోస్తే పాలు కారేది. దానికోసం బెల్లంరాయి చుట్టుపక్కల కొట్లన్నీ తిరిగింది. నోటితో అడగలేక కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. లావుగా, రెండు కొసలా సన్నగా, ఒక కొసన వేరుతో వేసిన ఆ బొమ్మని ఒక కొట్టువాడు కాసేపు పరీక్షగా చూసి, లోపలికి వెళ్ళి ఎలకలబోను తెచ్చి చేతిలో పెట్టాడు. వద్దని చెప్పడం కూడా రాక కొనుక్కుని ఇంటికొచ్చింది.

కాఫీ తాగాక చెత్తసంచి పట్టుకుని బయటికి వచ్చిన బెల్లంరాయికి మెట్ల మలుపులో, కిటికీ కింద, ఒక చెక్కపెట్టె కనిపించింది. పక్కనే కాలు విరిగిన ముక్కాలిపీట. పెట్టె మీద సగం కప్పిన పేపరు. పేపరు కింద, ఒక్కొక్కటీ పసిబిడ్డ మోచేయంత, ఎర్రతోలు చిలగడదుంపలు. ఒంటినిండా మట్టి, ఎవరో పనిగట్టుకుని పూసినట్టు.

ఇంకెవరైనా అయితే ఇవి ఎవరివని వాకబు చేసేవారు. బెల్లంరాయి చెయ్యలేదు. కారణం ఆ ఇంట్లో అమల్లో ఉన్న బావ సిద్ధాంతం. "ఈ దేశంలో గుమ్మం దాటిన వస్తువు గోవిందా. కావలసినవాళ్ళు పట్టుకుపోవడమే. అడిగితే వాళ్ళే చిన్నబుచ్చుకుంటారు," అనేవాడు బావ. ఇంట్లో దీపపు స్టాండు, ఇస్త్రీబల్ల అలా వచ్చినవే. మొన్నటికి మొన్న పైఅంతస్తు మెట్ల దగ్గరనుంచి ఒక పచ్చకుర్చీ మోసుకొచ్చి, పారేసేముందు కొత్తరంగు వేసి మరీ పారేశారు, ఎంత సంస్కారమో చూడమన్నాడు. ఆ రంగు ప్యాంటుకి అంటుకుని ఎంత ఉతికినా వదలకపోయినా ఆయన సంస్కారం గురించే మాట్లాడాడు. ఆ విరిగిన పీట పక్కన ఉన్న పెట్టె కూడా గోవిందా బాపతే అని బెల్లంరాయికి నమ్మకం కలిగింది. చెత్తసంచి అక్కడే వదిలేసి, పెట్టె ఎత్తుకుని లోపలికి వచ్చేసింది.

"ఎక్కడివే ఇవి?" అని అక్క అడిగితే, "దొరికాయి," అంది. ఆ ఇంట్లో ఆ మాట చాలు.

అరగంటలో వంటిల్లు మన ఊరి వంటిల్లయింది. మట్టి కడిగితే తోలు తళతళలాడింది. ఒక దుంపకి గుండ్రటి ఎర్రకాగితం బిళ్ళ ఒకటి అంటుకుని ఉంటే, తడిచేత్తో ఊడదీసి, బాత్రూములో చేతులు కడుక్కునేటప్పుడు అద్దానికి అంటించింది. ఎర్రగా గుండ్రంగా ఏది చేతికి తగిలినా అద్దానికి అంటించడం ఆ ఇంటి ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. అక్క బొట్టుబిళ్ళల వరసలో అదీ చేరింది. తరవాత దుంపల తొక్క తీసి, పలచగా చక్రాల్లా తరిగి, నీళ్ళలో వేసి, తువ్వాలు మీద ఆరబెట్టి వేయించింది. ఉప్పూ కారం చల్లి డబ్బాకెత్తింది. మిగిలిన ముక్కలు ఉడికించి బెల్లంపాకం పట్టింది. అక్క మొదటి చిప్పు నమిలి కళ్ళు మూసుకుని, కడుపులో బిడ్డ కూడా కదిలిందని చెప్పింది.

మొదటి వాయ ఇరుగుపొరుగుకి పెట్టకుండా తినకూడదని అమ్మ నేర్పిన పద్ధతి. ఇరుగు లేదు, పొరుగొక్కటే. ఎదుటి తలుపు తాతగారు ఒకప్పుడు బస్సు డ్రైవరు. సాయంత్రాలు బెల్లంరాయికి ఆ దేశపు భాష నేర్పేవాడు. బస్సు నడిపినట్టే ఒక్కొక్క మాట దగ్గరా ఆగి, ఆ పిల్ల ఎక్కిందో లేదో చూసుకుని, అప్పుడు కదిలేవాడు. తప్పు చెబితే నవ్వేవాడు కాదు. బెల్లంరాయి ఆయనకి తాత అనే మాట నేర్పితే, అలాగే పిలవమని ముచ్చటపడ్డాడు. ఆ దేశం మొత్తంలో ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో తెలిసిన పరాయి మనిషి ఆయనొక్కడే. ఆయన బల్ల ముందు కూర్చునే ఆ గంట కోసమే ఆమె మిగతా రోజంతా నెట్టుకొచ్చేది.

ప్లేటు పట్టుకుని తలుపు తట్టింది. తాతగారు దిగాలుగా తలుపు తీసి, ప్లేటు చూసి, ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. ఇంత రుచి ఎరగనన్నాడు. కరకర నములుతూనే తన కష్టం చెప్పుకొచ్చాడు. వెనకతోటలో తన మడిలో ప్రాణం పెట్టి పెంచిన దుంపలు, వచ్చేవారం కూరగాయల పోటీలో పెట్టవలసినవి, చల్లగా ఉంటుందని మెట్ల మలుపులో పెడితే ఎవరో ఎత్తుకుపోయారట. ఎంత పొడుగో, ఎంత లావో చేతులతో చూపించాడు. చూపించిన చేత్తోనే ఇంకో నాలుగు చిప్సు తీసుకున్నాడు.

ఆ పెట్టె ఎవరిదో బెల్లంరాయికి తెలిసిపోయింది. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ తాతగారు ఇంతవరకు ఆమెకి రొట్టె కొనడం, దారి అడగడం, తలనొప్పి అని చెప్పడం నేర్పాడు. దొంగని నేనే అని చెప్పే పాఠం ఇంకా రాలేదు. ప్లేటు ఆయన చేతిలో వదిలేసి, తలనొప్పి అని చెప్పి వచ్చేసింది.

"ఆయనవట అక్కా," అంది ఇంట్లోకి వచ్చి.

"ఏవి?"

"మనం తిన్నవి."

అక్క చెయ్యి డబ్బాకీ నోటికీ మధ్య ఆగిపోయింది. కొంచెం ఆలోచించి, "నోట్లోది మింగనీ," అంది. మింగాక, ముందు ఈ సంగతి బావకి తెలియకూడదంది. బావకి చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే. సమయం చూసి ఆ తాతగారితో తనే మెల్లగా మాట్లాడతానంది. ఆ సమయం ఎప్పుడు వస్తుందో చెప్పలేదు.

ముందు బావ వచ్చాడు. మెట్ల మీదే తాతగారు కనిపించి అంతా చెప్పేశాడట. మన అంతస్తులో దొంగతనమా అని బావ రగిలిపోతున్నాడు. వెనకతోట మళ్ళ వ్యవహారాలు చూసే తోట సంఘం వాళ్ళు బావని ఎప్పుడూ కొత్తవాడిలాగే చూసేవారు. ఈ కేసు తేల్చి వాళ్ళచేత శభాష్ అనిపించుకోవాలని ఆయన అక్కడే నిశ్చయించుకున్నాడు. పచ్చకుర్చీలో చేరబడి, ఆలోచించాలంటే కరకరలాడేది ఏదన్నా ఉండాలని, డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాడెవడో గానీ ఈపాటికి హాయిగా కూర్చుని తింటూ ఉంటాడు," అన్నాడు నములుతూ.

అక్క కిటికీ వైపు తిరిగింది. బెల్లంరాయి నేల చూసింది. తింటున్నదేమిటో బావ అడగలేదు. నోట్లో మాట ఉండగా ఇంకేమున్నా ఆయనకి రుచి తెలియదు.

ఇక తొక్కలు మిగిలాయి. ఆ భవనంలో చెత్త వేసే సంచులు పలచని ప్లాస్టిక్‌వి. ఎవరింట్లో ఏం తిన్నారో మెట్లు దిగేలోపు నలుగురికీ తెలిసిపోతుంది. అందుకని ఆదివారం తెల్లవారుతుండగానే బెల్లంరాయి ఎర్రతొక్కలన్నీ చున్నీలో మూటగట్టి, వెనకతోటలోకి వెళ్ళి, మొదట కనిపించిన ఎరువుగుంటలో పూడ్చింది. పూడుస్తూ దేవుడికి దణ్ణం కూడా పెట్టుకుంది. ఏమని పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

పదిగంటలకల్లా బావ ఉరుకుతూ వచ్చాడు. కర్రతో తోటంతా గాలించాడట. దొంగ దొరికాడట. కింది అంతస్తు వాచీల మెకానిక్కు ఎరువుగుంటలో ఎర్రతొక్కలు బయటపడ్డాయట. పోయినేడు పోటీలో గెలిచింది ఆ మెకానిక్కే. తనని మించిన దుంపలు పోటీకి వస్తుంటే చూడలేక మాయం చేసి ఉంటాడని బావ అల్లిన కథ. ఆ కథలో ఎక్కడా చిల్లు లేదు, నిజం తప్ప. అప్పటికే తోట సంఘం పెద్దకి కబురు కూడా పంపాడు. సాయంత్రం మీటింగు. దొంగతనం రుజువైతే మెకానిక్కు మడి లాగేసుకోవడం సంఘం నియమం.

ఆ మెకానిక్కు ఒంటిమనిషి. పొద్దంతా ఒక కంటికి భూతద్దం తగిలించుకుని వాచీల మీద వంగి ఉంటాడు, సాయంత్రమైతే మడి దగ్గర నడుం ఎత్తుతాడు. ఆ మడి పోతే ఆ నడుం ఎక్కడ ఎత్తుతాడు? బావకి చెప్పేయమని బెల్లంరాయి అక్కని బతిమాలింది. అక్క రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ బావ సాయంత్రం ఉపన్యాసంలోంచి తనకి నచ్చిన ముక్క వినిపించాడు.

మీటింగుకి ముందు ఏం మాట్లాడాలో చెప్పడానికి బావ తాతగారిని టీకి పిలిచాడు. తోటలోంచి వచ్చాను, చేతులు కడుక్కుంటానని తాతగారు బాత్రూములోకి వెళ్ళాడు. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. బయటికి వచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. బెల్లంరాయి వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. టీ ముట్టలేదు.

"మీటింగు వద్దులే. దుంపలే కదా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"మీది పెద్దమనసు. అందుకే దొంగలు ఇలా బలిసిపోతున్నారు," అన్నాడు బావ.

ఆయన వెళ్ళగానే బెల్లంరాయి బాత్రూములోకి పరిగెత్తింది. అద్దం మీద అక్క బొట్టుబిళ్ళలు, వాటి చివర ఆ ఎర్రబిళ్ళ. దాని మధ్యలో చిన్న తెల్లకుందేలు బొమ్మ ఉందని అప్పుడే గమనించింది. తన దుంప మీది బిళ్ళని తాతగారు గుర్తుపట్టేశాడు. దొంగ ఎవరో తెలిసిపోయింది. తెలిసి కూడా మీటింగు వద్దంటున్నాడు, తనని కాపాడ్డానికి. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఇది మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని సిగ్గు. ఇక ఆ బల్ల ముందు ఏ ముఖం పెట్టుకుని కూర్చోవడం?

మీటింగులు నేలమాళిగలో, బట్టలుతికే గదిలో జరుగుతాయి. కూర్చోవడానికి ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోవాలి. బావ తన పచ్చకుర్చీ నెత్తికెత్తుకుని అందరికంటే ముందు దిగి, మధ్యలో వేసుకున్నాడు. తాతగారు గోడవారగా చేరాడు. అక్కా బెల్లంరాయీ వెనక కూర్చున్నారు. సంఘం పెద్ద, పైఅంతస్తులో ఉండే దర్జీ ఆవిడ, మెడలో కొలతల టేపు అలాగే ఉంచుకుని వచ్చి, ఆ గది మూలనున్న ఒక ముక్కాలిపీట మీద కూర్చుంది. కూర్చుంటూ బావ వైపు ఒక చూపు చూసింది. అది మెప్పు అనుకుని బావ తల పంకించాడు.

వాషింగ్‌మెషిన్లు రెండు తిరుగుతూనే ఉన్నాయి. బావ ఎర్రతొక్కల్ని పేపరులో విప్పి మూడో మెషిను మీద పరిచాడు. దొంగబుద్ధి గురించి, నలుగురూ కలిసి బతికేచోట ఒకరి సొమ్ము ఒకరు ముట్టకపోవడం గురించి, మెషిన్ల హోరుకి పైన గొంతు పెంచి మరీ మాట్లాడాడు. మెకానిక్కు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నేను తియ్యలేదు," అన్నాడు చివరికి. "తీసేవాణ్ణయితే తొక్కలు నా గుంటలోనే ఎందుకు వేసుకుంటాను? అయినా మీకు నమ్మకం లేకపోతే మడి తీసేసుకోండి. టమాటా మొక్కలకి మాత్రం రెండుపూటలా నీళ్ళు పెట్టండి."

ఆ టమాటా మొక్కల మాటతో బెల్లంరాయి లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. అందరూ అటు తిరిగారు. బావ కూర్చోమని సైగ చేశాడు. తాతగారు నేర్పినట్టే, ఒక్కొక్క మాట దగ్గరా ఆగి ఆగి చెప్పింది.

"నేను తీశాను. పారేశారనుకున్నాను. వేయించాను. తొక్కలు నేనే పూడ్చాను. తాతా, నిన్న మీరు తిన్నవి అవే."

ఒక మెషిను నీళ్ళు వదిలేసి ఆగింది. బావ నోరు తెరిచి, ఆ భవనంలో మొదటిసారిగా, ఏమీ అనకుండా మూసుకున్నాడు. తరవాత తన పొట్ట వంక చూసుకున్నాడు. నిన్న సాయంత్రం డబ్బా ఖాళీ చేసింది ఆయనే.

అందరూ తాతగారు ఏమంటాడా అని చూశారు. ఆయన గోడ వదిలి మెల్లగా ముందుకొచ్చాడు. బెల్లంరాయి కంటే ఎర్రగా ఉంది ఆయన ముఖం.

"అమ్మాయి తీసినవి నేను పండించినవి కావు," అన్నాడు. "కొన్నవి."

తన మడిలో ఊరినవి చిటికెనవేలంత కూడా లేవట. అందరితో గొప్పగా చెప్పుకున్నాక వాటిని పోటీలో పెట్టడానికి సిగ్గేసి, ఊరవతల పెద్ద బజారుకి వెళ్ళి పెట్టెడు కొనుక్కొచ్చాడట. తోటమట్టి తెచ్చి తనే పూశాడట. వచ్చేపోయేవాళ్ళు చూసి నోళ్ళు వెళ్ళబెట్టాలని మెట్ల మలుపులో పెట్టాడట. అవి పోయాయని తెలిసినప్పుడు నిజానికి గుండెల మీది బరువు దిగింది. కానీ అయ్యో అన్న ప్రతివాడితోనూ ప్రాణం పెట్టి పెంచానని చెప్పాక ఇక వెనక్కి రావడానికి దారి లేకపోయింది. ఈలోగా ఈ పెద్దమనిషి దొంగని కూడా పట్టుకొచ్చాడు అని బావని చూపించాడు.

"కొట్టువాళ్ళు ఒక్కో దుంపకీ కుందేలు బిళ్ళ అంటిస్తారు. అన్నీ పీకేశాననుకున్నా. మీ అద్దం మీద అది చూడగానే నా గుట్టు నీకు తెలిసిపోయిందనుకున్నాను, అమ్మాయీ."

"నా గుట్టు మీకు తెలిసిపోయిందనుకున్నాను తాతా," అంది బెల్లంరాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చెరోవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. తాతగారు మెకానిక్కు దగ్గరికి వెళ్ళి, ఆయన తప్పు లేదని తెలిసీ నోరు మూసుకున్నందుకు క్షమించమని అడిగాడు. బెల్లంరాయి కూడా వెళ్ళి నిలబడింది కానీ క్షమించమనే మాట సగంలోనే ఇరుక్కుపోయింది. మెకానిక్కు టోపీ పెట్టుకున్నాడు. తన ఎరువుగుంటలో తొక్కలు పడ్డాయి కాబట్టి, ఆ తొక్కల లోపలిది ఎలా ఉంటుందో చూసే హక్కు తనకీ ఉందన్నాడు. అక్క వెంటనే, ఇంకొంచెం బెల్లంపాకం ముక్కలు మిగిలాయని ఒప్పుకుంది. చెల్లెలికి కూడా చెప్పకుండా దాచుకున్నవి అవి.

దర్జీ ఆవిడ తీర్పు చెప్పింది. మెకానిక్కు మడి మెకానిక్కుదే. తాతగారు ఈ ఏడు పోటీకి రాకూడదు. బెల్లంరాయికి శిక్ష ఏమిటా అని ఆలోచిస్తూ ఉంటే, తాతగారు అడ్డుపడ్డాడు. మడిలో ఊరిన వేలెడు దుంపలన్నీ తవ్వి రేపు పాఠానికి తెస్తానన్నాడు.

"వాటినేం చెయ్యాలో రేపు నువ్వు చెప్పు, నేను నేర్చుకుంటాను," అన్నాడు బెల్లంరాయితో. "మామూలు వేళకే రా."

వస్తానని తల ఊపడం కాదు, నోటితో చెప్పింది బెల్లంరాయి. ఆ మాట గదిలో ఆ చివరిదాకా వినిపించింది.

బావ తేరుకున్నాడు. గొంతు సవరించుకుని, పచ్చకుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, అసలు మెట్ల మీద కనిపించిన వస్తువు ఎవరిదో కనుక్కోకుండా తీసుకోవడం ఎంత తప్పో మరదలికి ఇకనుంచి తానే దగ్గరుండి నేర్పుతానని సభకి హామీ ఇచ్చాడు.

"మంచిమాట చెప్పారు," అంది దర్జీ ఆవిడ ముక్కాలిపీట మీద సర్దుకుంటూ. "మీరు లేచేటప్పుడు చెబుదామని ఊరుకున్నాను. ఆ కుర్చీ నాదే. రంగు ఆరడానికి మెట్ల దగ్గర పెట్టాను."

మిగిలిన మీటింగంతా బావ నిలబడే విన్నాడు.